ఒక్క సీసా నీళ్లు

మొన్న ఏప్రిల్‌లో వికారాబాద్ రమ్మని పిలిచారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏఎన్ఎం నర్సు అమ్మాయిలకు శిక్షణ జరుగుతోంది, ఎండాకాలం సెలవుల్లో ఆరోగ్య జాగ్రత్తల గురించి ఒక గంట మాట్లాడమన్నారు. ముప్పై నాలుగేళ్లు తాండూరు చుట్టుపక్కల ఊళ్లలో నర్సమ్మగా తిరిగినదాన్ని. రిటైరై ఏడాది కూడా కాలేదు. పిలిచినందుకు సంతోషించాను.

మాట్లాడాల్సిన విషయాలని చేతికొక కాగితం ఇచ్చారు. నీళ్లు ఎక్కువ తాగాలి, నూలు బట్టలు కట్టాలి, గొడుగు పట్టుకుపోవాలి, మధ్యాహ్నం బయట తిరగొద్దు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ అవి తెలియని మనిషి కూడా ఈ జిల్లాలో ఒక్కరూ లేరు. కాగితం పక్కన పెట్టి నాకు తెలిసింది చెప్పాను. పిల్లలు శ్రద్ధగానే విన్నారు. చివర్లో వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి నిలబడింది.

"మేడం, మీ సర్వీసుల ఎప్పుడన్న మీ వల్ల తప్పు జరిగిందా?"

"దేవుని దయ వల్ల లేదమ్మా" అన్నాను.

చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. తాండూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గానీ నేనేం చేశానో నాకు అర్థం కాలేదు. ఒక్క క్షణమైనా ఆగలేదు, నోరు తడబడలేదు, అబద్ధం అంత నున్నగా వచ్చేసింది. నన్ను చూసి నేనే నిర్ఘాంతపోయాను. ఇంటికి వచ్చి శాలువా మడిచి బీరువాలో పెట్టాను. ఆ అమ్మాయికి చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

సెలవుల జబ్బులు

బడులు మూసేయగానే యాలాల్, బషీరాబాద్ దిక్కు ఊళ్లు నిండిపోతాయి. ఆడపిల్లలు పిల్లల్ని వెంటేసుకుని తల్లిగారిళ్లకు వస్తారు. పెళ్లిళ్లన్నీ అప్పుడే పెట్టుకుంటారు. ఆదివారమైతే వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టకు హైదరాబాద్ కార్లు బారులు తీరతాయి. ఊరంతా సంబరంగా ఉండే నెలలవి. మేము మాత్రం ఆ రెండు నెలలు సెలవు చీటీ రాసే ధైర్యం చేయం.

శిక్షణలో మీకు ఎక్కువగా ఎండదెబ్బ గురించే చెబుతారు. ఎండదెబ్బ లేదని నేను అనను. తాండూరులో బండలు నునుపు చేసే పాలిషింగ్ యూనిట్లో, రేకుల షెడ్డు కింద పడిపోయిన మనిషిని నా చేతులతో పట్టుకున్నాను. ఒళ్లు పెనంలా కాలుతోంది. కానీ సెలవుల్లో నేను చూసిన జబ్బుల్లో చాలావాటికి ఎండను అనడానికి లేదు. మనం పెట్టింది తిని, మనం పోసింది తాగి, మనం చెప్పింది విని జబ్బు పడ్డవాళ్లే ఎక్కువ.

ఒక పెళ్లిలో పొద్దున్నుంచి వంట దగ్గర నిలబడ్డ ఒకామె కళ్లు తిరిగి పడిపోయింది. పక్కనే నీళ్ల డ్రమ్ము ఉంది. ఎందుకు తాగలేదమ్మా అని నేను కసిరాను. ఆమె నా చెవి దగ్గరికి వంగి, "తాగితె యాడికి వోవాలె సిస్టరమ్మ? గింతమంది మొగోళ్లున్నరు" అంది.  అప్పటికి ఇరవై ఏళ్లుగా ఇంటింటికీ తిరిగి నీళ్లు తాగండి, నీళ్లు తాగండి అని చెబుతున్నాను. తాగిన నీళ్లు ఎక్కడ పోయాలో ఒక్క ఆడమనిషినీ అడగలేదు. నేనూ ఆడదాన్నే, నేనూ బస్సులో పోయే రోజు నీళ్లు తాగనిదాన్నే, అయినా తట్టలేదు.

అప్పటి నుంచి పెళ్లింట్లో అడుగు పెడితే ముందు ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఎక్కడుందని అడిగేదాన్ని. మగపెద్దలు మొహాలు చిట్లించేవారు. చిట్లించనివ్వండి. అది తేల్చుకున్నాకే నీళ్ల మాట ఎత్తండి.

నరహరి సార్

నా పైన పనిచేసిన డాక్టర్లలో నరహరి సార్ దగ్గర నేర్చుకున్నంత ఇంకెవరి దగ్గరా నేర్చుకోలేదు. అంతగా ఇంకెవరికీ భయపడనూ లేదు. రోగి చెయ్యి పట్టుకుంటే వదలడు. మందు ఇచ్చి ఊరుకోడు, ఎలా వేసుకుంటావో చేసి చూపించమంటాడు. ముసలమ్మలు ఆయన ముందు మాత్రలు లెక్కపెట్టి చూపించేవారు, పిల్లల తల్లులు మందు మూతలో పోసి చూపించేవారు. అదంతా సమయం దండగ అని మేము వెనకాల నవ్వుకునేవాళ్లం.

ఆయన నోరు మాత్రం మహా చెడ్డది. తప్పు దొరికితే రోగుల ముందే, అటెండర్ల ముందే కడిగేసేవాడు. ఒకసారి టీకా డబ్బాలో ఐసు తక్కువుందని నన్ను అందరిలో నిలబెట్టి, "నీకీ పని ఎందుకు మార్తమ్మా, ఇంటి కాడ కూసో" అన్నాడు. అప్పటికి నాకు నలభై దాటాయి. ఆ రోజు టీకా డబ్బా గురించి నేర్చుకున్నాను. సార్‌కు తప్పులు కనబడకుండా చూసుకోవాలని కూడా నేర్చుకున్నాను. ఆ రెండో పాఠం నేను బతికినన్నాళ్లూ నన్ను వదలదు. మీలో కొందరు రేపు సూపర్‌వైజర్లు అవుతారు కాబట్టి చెబుతున్నాను, మీ కింది మనిషిని అంత భయపెడితే ఆమె తప్పు చేయడం మానదు, చెప్పడం మానేస్తుంది.

ఇది సాకు అనుకుంటారేమో. సాకే. అయినా నిజం.

పెళ్లిలో ఐసుగడ్డ

ఏడేళ్ల కిందటి మాట. యాలాల్ దగ్గర ఒక ఊళ్లో మే నెలలో పెళ్లి. ఊరి పేరు రాయను. పెళ్లికొడుకు అక్కను కవిత అని రాస్తున్నాను, అది ఆమె అసలు పేరు కాదు. ఇంటర్ దాకా చదివింది. బషీరాబాద్ దిక్కు ఊరికి ఇచ్చారు. తమ్ముడి పెళ్లికని తొమ్మిది నెలల కూతుర్ని చంకనేసుకుని తల్లిగారింటికి వచ్చింది. ఎండలో చంటిదాన్ని తీసుకుపోవద్దని అత్త అంజమ్మ అడ్డం పడిందట. తమ్ముడి పెళ్లికి పోకుండా ఎట్లా ఉంటానని కవిత బస్సెక్కింది.

నన్నూ పిలిచారు, ఎందుకంటే ఆ పెళ్లికొడుకు నా చేతుల్లో పుట్టినవాడు. పందిరి బయట ట్రాలీ ఆటోలోంచి ఐసుగడ్డలు దింపుతున్నారు. తాండూరు నుంచి గోనెసంచుల్లో చుట్టి తెచ్చారు. ఒక గడ్డ చేయి జారి బండల మీద పడింది. పడితే ఏమైంది అన్నట్టు ఒకతను దాన్ని చెప్పుకాలితో అదిమిపట్టి గడ్డపారతో పగలగొట్టాడు. ఆ ముక్కలు ఎత్తి నిమ్మకాయ షర్బత్ డ్రమ్ములో వేశాడు. పైన గోనె పీచులు తేలాయి. ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడ్డారు.

నేను గుడ్లప్పగించి చూశాను. వద్దని అరవాల్సింది. పెళ్లింట్లో శుభమా అని పిలిస్తే గొడవ ఎందుకని ఒకరిద్దరికి చెవిలో చెప్పి ఊరుకున్నాను. వాళ్లు నవ్వి, "ఐసుకు పురుగులుంటయా సిస్టరమ్మ, సల్లగుంటది గద" అన్నారు.

తెల్లారేసరికి ఆ ఇంట్లో సగం మందికి వాంతులు, మోషన్లు. పాపకు కూడా. కవిత గ్లాసు అంచున ఉన్న రెండు చుక్కలే పాప నోట్లో పోసిందట.

నేను చెప్పిన మాట

ఇక్కడ కొంచెం ఆగి ఒక సంగతి చెప్పాలి. అంతకుముందు ఏడాది మాకొక శిక్షణ ఇచ్చారు. పల్లె జనానికి ఇంగ్లిషు మాటలు వాడకండి, తేలిక తెలుగులో చెప్పండి అన్నారు. నాకది బాగా నచ్చింది. మోషన్లకు ఇచ్చే ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒక లీటరు నీళ్లలో కలపాలి. లీటర్ ఇంగ్లిషు మాట కాబట్టి నేను దాన్ని మార్చేశాను. లీటరు నీళ్ల బాటిల్‌ని మనసులో పెట్టుకుని, "ఒక్క సీసా నీళ్లు" అనడం మొదలుపెట్టాను. మంచి తెలుగు మాట అనుకున్నాను. లీటరంటే ఏంటో ఈ జనానికి తెలియదా? లీటర్ లెక్కన పాలు పోస్తారు, లీటర్ లెక్కన పెట్రోలు కొంటారు. తెలియంది నాకే.

ఆ పొద్దున పెళ్లింట్లో నేను, ఆశా కార్యకర్త పరుగులు పెడుతున్నాం. ఒక్కొక్కరికీ ప్యాకెట్లు ఇచ్చి అదే మాట చెబుతున్నాను. పెళ్లిలో మిగిలిన లీటరు నీళ్ల బాటిళ్లు అందరి చేతుల్లో ఉన్నాయి కాబట్టి వాళ్లు సరిగ్గానే కలుపుకున్నారు. కవిత పాపను భుజాన వేసుకుని నా వెనకే వచ్చి అడిగింది.

"సిస్టరమ్మ, పాపకు ఎన్ని నీళ్లల్ల కలపాలె?"

నేను ఒక ముసలాయన నాడి చూస్తున్నాను. తల తిప్పలేదు.

"గదే బిడ్డా, ఒక్క సీసా నీళ్లల్ల ఒక్క ప్యాకెట్. జరంత జరంత తాగిపియ్యి."

నాలుగు ప్యాకెట్లు ఆమె చేతిలో పెట్టాను. మా దిక్కు ప్లాస్టిక్ దాన్ని ఎవరూ సీసా అనరు, బాటిల్ అంటారు. సీసా అంటే కల్లు సీసా, మందు సీసా, లేదంటే పాలసీసా. చంటిపిల్ల తల్లికి సీసా అనగానే ఏ సీసా గుర్తొస్తుందో మీకే అర్థమవుతుంది. పాలసీసాలో పట్టేది పావు లీటరు. ఉప్పు నాలుగింతలైంది.

మర్నాడు పొద్దున ఆశాకు ఫోన్ చేసి పాప ఎలా ఉందని అడిగాను. "మస్తు తాగుతున్నది మేడం, సీసా ఇడిసిపెడ్తలేదు" అంది. శభాష్ అన్నాను. నిజంగానే అన్నాను. ఉప్పు ఎక్కువైతే దాహం పెరుగుతుంది, దాహం పెరిగితే పిల్ల ఆ ఉప్పు నీళ్లే ఇంకా తాగుతుంది. నాకు తెలిసిన విషయమే ఇది. ఆ సీసా ఏ సీసా అని అడగాలని మాత్రం తోచలేదు.

డాక్టరు గదిలో

ఆ మధ్యాహ్నం ఆటోలో పాపను మా ఆరోగ్య కేంద్రానికి తెచ్చారు. ప్యాకెట్లు తీసుకుపోదామని వచ్చి నేను అక్కడే ఉన్నాను. పాప కీచుమని ఏడుస్తోంది, మామూలు ఏడుపు కాదది. కడుపు మీద చర్మం పట్టుకుంటే మెత్తటి పిండిముద్దలా ఉంది. బల్ల మీద పడుకోబెట్టగానే ఫిట్స్ వచ్చాయి. నరహరి సార్ ఫిట్స్ ఆగడానికి మందు ఇచ్చి, అంబులెన్సుకు ఫోన్ చేయించి, తల్లి వైపు తిరిగాడు.

"మోషన్లకు ఏమన్న కలిపి తాగిపిచ్చినవా? ఎట్ల కలిపినవో చూపెట్టు."

కవిత సంచిలోంచి పాలసీసా తీసింది. దాంతోపాటు చింపిన ప్యాకెట్లు నాలుగూ బల్ల మీద పెట్టింది. ఒక్కటి కూడా పారేయకుండా దాచుకొచ్చింది. ఆ సీసాను చూసిన క్షణం నేను చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇన్నేళ్లలో చావులు చూశాను, పురిట్లో పోయినవాళ్లను చూశాను. ఏదీ నన్ను అలా కొట్టలేదు.

"నీకు గిట్ల కలపమని ఎవరు చెప్పిన్రు?" సార్ గొంతు లేచింది.

కవిత నా వైపు చూసింది. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. చాలాసేపు చూసింది, లేదా నాకలా అనిపించింది. నేను ప్యాకెట్ల వైపు చూస్తూ ఉండిపోయాను.

"ఎవ్వలు చెప్పలే సార్" అంది. "నేనే కలిపిన."

అంబులెన్సు వచ్చింది, హైదరాబాద్ తీసుకుపోయారు. గది ఖాళీ అయ్యాక సార్ చేతులు కడుక్కుంటూ, నా మొహం చూడకుండానే అన్నాడు. "తల్లి తప్పుగ కలిపిందని రాసిన మార్తమ్మా. నేను తప్పు రాసిన్నా?"

ఆయనకు అనుమానం వచ్చింది. వచ్చినా ఆ ఒక్క రోజు అరవకుండా అడిగాడు. నిజం చెప్పడానికి నాకు తలుపు తెరిచి పెట్టాడు.

"లేదు సార్" అన్నాను.

చెయ్యి మంచిది కాదు

పాప బతికింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఉప్పు మెల్లమెల్లగా దించాలట, తొందరపడితే ఇంకా ప్రమాదమట. ఇంటికి వచ్చాక ఫిట్స్ మందు రెండేళ్లు వాడారు. ఇప్పుడు మూడో తరగతి, చక్కగా ఆడుతుంది, చదువుతుంది.

పాప బతికింది కదా, ఇంకేముందని నేను ఊరుకున్నాను. రెండేళ్ల తర్వాత తాండూరు బస్టాండులో అంజమ్మ కనబడింది. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని మందు సీసా మూతలో పోసి తాగిస్తోంది. కోడలేదని అడిగాను.

"ఇంటి కాడ ఉన్నది. దాని చేతికి మందు ఇయ్య సిస్టరమ్మ" అంది అంజమ్మ. "సదువుకున్న అంటది, ప్యాకెట్ కలపరాలే. దాని చెయ్యి మంచిది గాదు. ఎండకాలం తల్లిగారింటికి పంపుడు గూడ బందు వెట్టినం. గీ పిల్లకు అన్నం గూడ నేనే తినిపిస్త."

పాప నా వైపు చూసి నవ్వింది. నేను తలూపాను. అంజమ్మ చెప్పిందంతా విని, అవునవును అన్నట్టు తలూపాను. పాపకు బిస్కెట్ ప్యాకెట్ కొనిచ్చి నా బస్సెక్కాను. ఒక తల్లి చేతికి తన పిల్లకు అన్నం పెట్టే అధికారం కూడా లేకుండా పోయిందని, అది నా నోటి మాట వల్లేనని తెలిసి కూడా బస్సెక్కాను. నేను అలాంటిదాన్నని నాకు అంతవరకు తెలియదు.

ప్రతి ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద పడి చెప్పుకున్నాను. దేవుడికి చెప్పడం సులువు. ఆయన ఎదురు ప్రశ్న వేయడు.

పనిలో మాత్రం మారాను. లీటరు పట్టే స్టీలు చెంబు ఒకటి కొని సంచిలో పెట్టుకున్నాను. ప్యాకెట్ ఇస్తే నా ఎదురుగానే వాళ్లింటి గిన్నెలో కొలిచి గీత పెట్టించేదాన్ని. సీసా, గ్లాసు, చెంబు అని నోటితో చెప్పడం మానేసి, ఎందులో కలుపుతావో తెచ్చి చూపించమనేదాన్ని. సార్ పద్ధతే అది, వెనకాల నవ్వుకున్న పద్ధతి. తెస్తే ఏం తెచ్చేవారో చూస్తే మీకు గుండె ఆగుతుంది. ఒకామె టీ గ్లాసు తెచ్చింది. ఒకామె బిందె తెచ్చింది. ఇద్దరూ నేను ఇరవై సార్లు చెప్పినవాళ్లే. ఆ చెంబుకు నాకు మంచి పేరొచ్చింది, మిగతా ఊళ్లకూ నేర్పించమన్నారు. ఎక్కడ నేర్చుకున్నావని ఎవరూ అడగలేదు.

వేరే మాటల్లో ఆ ప్రశ్నే వికారాబాద్‌లో ఆ అమ్మాయి అడిగింది. దానికి నేను చెప్పిన జవాబు మీకు తెలుసు.

బషీరాబాద్ దిక్కు

శిక్షణ అయిన నాలుగో రోజు పొద్దున తాండూరులో బషీరాబాద్ బస్సెక్కాను. దిగి షేర్ ఆటోలో ఆ ఊరికి పోయాను. తొమ్మిది గంటలకే ఎండ మాడ్చేస్తోంది. అంజమ్మ వాకిట్లో చాటలో కందులు చెరుగుతోంది. పక్కింటామె గోడ మీంచి తొంగిచూసి కన్నడంలో ఎవరని అడిగితే, యాలాల్ నర్సమ్మ అని అంజమ్మ జవాబు చెప్పింది. నన్ను చూసి సంతోషపడింది. పాప ఎదిగిన సంగతి చెప్పింది, చాయ్ పెట్టమని కోడలిని కేకేసింది.

"చాయ్ వద్దు అంజమ్మా. ఒక మాట చెప్పిపోదామని వచ్చిన. కవితను గూడ రానీ" అన్నాను.

కవిత వచ్చి గడప మీద నిలబడింది. బాగా చిక్కింది. నమస్తే సిస్టరమ్మ అంది, అంతే. దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చాను, ఒక్కటీ గుర్తు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ఆ రోజు పాపకు ఎన్ని నీళ్లల్ల కలపాలెనని నీ కోడలు నన్ను అడిగింది. సీసా నీళ్లల్ల కలుపుమని నేనే చెప్పిన. లీటర్ అని చెప్పాలె, సీసా అన్న. ఆమె విన్నది విన్నట్టే చేసింది. తప్పు నాది అంజమ్మా. ఆమెది గాదు."

అంజమ్మ చేతిలో చాట ఆగిపోయింది. నన్ను చూసింది, కోడలిని చూసింది.  కందులు మళ్లీ చెరగడం మొదలుపెట్టి, "అయిందేదో అయిపాయె. పిల్ల మంచిగున్నది. గిప్పుడెందుకు సిస్టరమ్మ గా ముచ్చట" అంది.

"గట్లెట్ల అత్తమ్మ" అంది కవిత.

గొంతు పెంచలేదు. గడప దిగి వచ్చి నా ఎదురుగా నిలబడింది. తిడుతుందని అనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"గా దినం డాక్టర్ సారు అడిగినప్పుడు నేను మీ దిక్కు సూసిన" అంది. "మీరే చెప్తరు అనుకున్న."

"బిడ్డా, నాకప్పుడు భయమై..."

"మీరు చెప్పలే. గప్పుడు నాకు డౌటొచ్చింది. సిస్టరమ్మ తప్పు చెప్తే చెప్పిన అంటది గద, అనలేదంటే నేనే తప్పు విన్ననేమో అనుకున్న. గందుకే నేనే కలిపిన అన్న." లోపల పాప ఆడుకుంటున్న దిక్కు చూసింది. "ఏడేండ్లు గదే అనుకున్న సిస్టరమ్మ. నా చెవులనే నమ్మలే."

ఇది నేను కలలో కూడా అనుకోలేదు. ఇన్నేళ్లూ ఆమె నన్ను కాపాడిందని అనుకున్నాను. నామీద జాలిపడిందని, పెద్దమనసు అని, ఆమె గురించి తలుచుకున్నప్పుడల్లా కళ్లు చెమర్చేవి. ఆమె నన్ను కాపాడలేదు. నేను నోరు మూసుకుని నిలబడితే, ఆ మౌనాన్ని చూసి తన బిడ్డకు తనే ఆ గతి పట్టించానని నమ్మింది. తన చెయ్యి మంచిది కాదని అత్త అంటే అవుననుకుంది. నేను పాప ఒంట్లోకి ఎక్కించిన ఉప్పును డాక్టర్లు తొమ్మిది రోజుల్లో దించారు. ఈ నమ్మకాన్ని ఎవరూ దించలేదు.

నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవలేదు.

"మల్లొకసారి చెప్పుండ్రి" అంది. "అత్తమ్మ చాట ఆడిస్తున్నది, సరిగ్గ ఇనవడలే."

మళ్లీ చెప్పాను. సీసా అన్నది నేను, లీటర్ అననిది నేను, డాక్టరు అడిగితే నోరు తెరవనిది నేను. గట్టిగా చెప్పాను. గోడ అవతల పక్కింటామె పని ఆపి వినడం నాకు తెలుస్తూనే ఉంది. అంజమ్మ చాట కింద పెట్టి తలవంచుకుంది. ఆ గోల విని పాప లోపలి నుంచి వచ్చి తల్లి కొంగు పట్టుకుంది, ఎవరు ఈమె అని అడిగింది. 

ఇక నేను పోవచ్చు అనుకున్నాను. మనసులోది చెప్పేశాను, వాళ్లు విన్నారు. కాళ్లకు చెప్పులు తొడుక్కున్నాను.

"యాడికి?" అంది కవిత. "మా ఆయన తాండూర్ల పాలిషింగ్ యూనిట్ల పనిచేస్తడు. ఇంటికొచ్చెటాల్లకు ఆరైతది. ఆయనకు గూడ మీరే చెప్పాలె. నేను చెప్తే నమ్మడు."

నా తిరుగు బస్సు నాలుగింటికి, ఆ తర్వాత ఇంకో బస్సు లేదని చెప్పాను.  ఆమె లోపలికి పోయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, రేకుల నీడలో వేసింది.

చెప్పులు విడిచి కూర్చున్నాను.